పైడయ్య ఇంట్లో గుర్రం చదువు

గుమ్మడిపేటలో తెలివైన ఇల్లు ఏదంటే పైడయ్య మాదేనంటాడు. భార్య నూకాలూ, తమ్ముడు గవరయ్యా ఔనంటారు. ముగ్గురిదీ ఒకే మాట అయినప్పుడు నాలుగో మనిషిని అడగడం దేనికని ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.

ఒకరోజు పశువుల డాక్టరమ్మ వాళ్ళింటికి ఒక ఆడగుర్రాన్ని తీసుకొచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో దెబ్బలు తిని, ఎముకలు తేలిన గుర్రం. మనిషి చెయ్యెత్తితే చాలు, గోడకి అతుక్కుపోయేది.

"పైడయ్యా, మీ పాక ఖాళీయే కదా. దీన్ని రెండు నెలలు సాకి మచ్చిక చెయ్యండి. కొండ దిగువ తోటలో సుబేదారుగారు పెంచుకుంటానన్నారు. మచ్చిక కాకపోతే ఆయన తీసుకోరు, పాత యజమాని పట్టుకుపోతాడు. మళ్ళీ అవే దెబ్బలు. దీనికి భయం ఎక్కువ, ఏదైనా ముందు మీరు చేసి చూపించండి. తర్వాత అదే చేస్తుంది," అంది.

గుర్రం కళ్ళలోకి చూస్తే పైడయ్యకి గుండె నీరయింది. ఏమైనా సరే, దీన్ని మళ్ళీ ఆ దెబ్బలకి పోనివ్వకూడదనుకున్నాడు.

అంతే. మర్నాడు పొద్దున్నే దాని ఎదురుగా గొంతుక్కూర్చుని పచ్చిగడ్డి నమిలాడు.

"ఎలా ఉంది మావా?" అంది నూకాలు.

"ఉప్పు లేదు."

నూకాలు గుప్పెడు ఉప్పు తెచ్చి గడ్డి మీద చల్లి, కాస్త గడ్డి చేత్తో పట్టుకుంది. గుర్రం మెల్లగా వచ్చి ఆమె చేతిలోది అందుకుంది. పైడయ్య పొంగిపోయాడు.

ఇంకేముంది, పాఠాలు జోరందుకున్నాయి. కళ్ళెం ముందు గవరయ్య పెట్టుకున్నాడు. వారం రోజులు తియ్యలేదు. ఊళ్ళోవాళ్ళు పలకరిస్తే తల ఊపేవాడు. తర్వాత స్వారీ. పైడయ్య చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి వంగితే, నూకాలు వీపు మీదెక్కి పెరడంతా తిరిగింది.

"నడుం పట్టేసిందే," అన్నాడు పైడయ్య.

"ఆ సంగతి దానికి తెలియనివ్వకు మావా. నేర్చేసుకుంటుంది."

గుర్రం అన్నీ చూసింది. ఎవరి చేతిలోనూ కర్ర లేకపోవడమూ చూసింది. రెండు నెలలు తిరిగేసరికి కళ్ళెం వేయించుకుంది, నూకాలుని ఎక్కించుకుంది.

సుబేదారుగారి వ్యాను వచ్చినరోజు మాత్రం బెదిరింది. అంతే, గవరయ్య ముందెక్కి నిలబడ్డాడు. ఎక్కడమొక్కటే చాలదు, వెళ్ళడమూ చూపించాలని పైడయ్య తలుపు మూసి వ్యానుని చరిచాడు. డ్రైవరు వెనక్కి చూడకుండా పోనిచ్చాడు. అక్కడ సుబేదారుగారు దండ పట్టుకుని తలుపు తీస్తే గవరయ్య మెడ వంచాడు. దండ వేయించుకుని, ఉలవలు తిని, ఆరు మైళ్ళు నడిచి ఇంటికొచ్చాడు. జరిగిందంతా గుర్రానికి ఒకటికి రెండుసార్లు చేసి చూపించాడు.

మర్నాడు గుర్రం బుద్ధిగా వ్యానెక్కింది. దండ వేయించుకుంది. ఉలవలు తింది. ఆరు మైళ్ళు నడిచి ఇంటికొచ్చింది.

"ఒక్కటీ మర్చిపోలేదన్నా," అన్నాడు గవరయ్య కళ్ళు తుడుచుకుంటూ.

సుబేదారుగారు మాత్రం, ఇంకొక్కసారి పారిపోయి వస్తే నాకొద్దని కబురంపారు. పైడయ్య ముఖం వాడిపోయింది. అరుగు మీద కూర్చుని ఆలోచించాడు.

"రావడం చూపించాం. ఉండిపోవడం చూపించలేదు," అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ చాపలూ గిన్నెలూ మూటగట్టుకుని సుబేదారుగారి పాకలో దిగారు. అన్నదమ్ములు మెడకి పలుపులు కట్టుకుని గాడి ముందు కదలకుండా నిలబడ్డారు. మూడోరోజుకి సుబేదారుగారికి ఓపిక అయిపోయింది.

"అంతా బాగుందయ్యా. గుర్రమేది?"

"ఇంటి దగ్గరుందండి. ముగ్గురం ఇక్కడికొచ్చేస్తే ఇంటికి కాపలా ఎవరుంటారు?"

ఆయనే వ్యాను పంపి దాన్ని రప్పించారు. తనవాళ్ళు ముగ్గురూ కనబడగానే గుర్రం వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది. వారం గడిచినా కదల్లేదు. ఆయన మనవరాలు వీపెక్కితే మెల్లగా తోటంతా తిప్పింది. దాన్ని ఇక ఎవరికీ ఇవ్వనన్నారు సుబేదారుగారు. మీరు ఇంటికి వెళ్ళండన్నారు.

"ఎలా వెళ్తామండీ? మేం వెళ్ళడం అది చూస్తుంది," అన్నాడు పైడయ్య.

నూకాలు ఉపాయం చెప్పింది. ముఖాలు గుర్రం వైపే ఉంచి వెనక్కి నడిస్తే, వస్తున్నారనుకుంటుంది. అంతే, ముగ్గురూ చేతులు పట్టుకుని వెనక్కి నడిచారు. తోట గట్టు దాటారు. దాటి, వరసగా పంటకాలువలో పడ్డారు.

నడుంలోతు నీళ్ళలోంచి లేచి పైడయ్య అడిగాడు: "అది చూసిందా?"

నూకాలు గట్టు మీదుగా తొంగి చూసింది. గుర్రం తల వంచుకుని మేస్తోంది.

"లేదు మావా."

పైడయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ముగ్గురూ గట్టెక్కి, బట్టలు పిండుకుని, ఇంటిదాకా ఆరు మైళ్ళూ అలా వెనక్కే నడిచారు.