ఆదివారం ఆట వద్దన్న ఓదెలు

చింతగూడెం గనుల కాలనీలో ఓదెలు అనే వెల్డరు ఉండేవాడు. పనిమంతుడే, మనసూ మంచిదే గానీ, ఎవరేం చేసినా దాని వెనకాల ఏదో మతలబు ఉందని అనుమానించందే అతనికి తిన్న అన్నం అరిగేది కాదు.

కూరగాయలమ్మి రెండు మిరపకాయలు కొసరు వేస్తే తూకంలో మోసం చేసిందనుకునేవాడు. వెయ్యకపోతే పిసినారిదనుకునేవాడు. పక్కింటివాళ్లు పిలిచి భోజనం పెడితే ఇంటికొచ్చి, "వాళ్లకు మనతోని ఏదో పని పడ్డది, చూస్తుండు" అని భార్యతో అనేవాడు.

"పడితే చేసిపెడదాం. కూరైతే మంచిగనే ఉండె గద" అని సరోజన నవ్వేసేది.

అంతటి అనుమానపు మనిషికీ ఒక పిచ్చి ప్రేమ ఉండేది. అది గనుల ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టులో ఆడేవాళ్లంతా గనిలో దిగి బొగ్గు తవ్వే కుర్రాళ్లే. వయసులో ఉన్నప్పుడు ఓదెలు కూడా అందులో ఆడినవాడే. ఆట ఉందంటే చాలు, వర్క్‌షాపు నుంచి చేతుల మసి కూడా కడుక్కోకుండా వచ్చి మైదానం గట్టు మీద కూర్చునేవాడు. జట్టు గెలిస్తే ఆ రాత్రి ఇంట్లో పాటలు. ఓడితే సరోజన ఏం వండినా ఉప్పు ఎక్కువయ్యేది.

ఆ ఏడు జట్టు ఆట ఎవరికీ అంతుపట్టలేదు. ఒక వారం ఎదుటివాళ్లను ఊపిరి తీసుకోనిచ్చేవారు కాదు. మరుసటి వారం అవే కాళ్లు, అదే మైదానం, బంతి మాత్రం ఎవరి మాటా వినేది కాదు. జిల్లాలో పేరున్న జట్టును చిత్తుగా ఓడించి, మీసాలు కూడా సరిగ్గా రాని కాలేజీ పిల్లల చేతిలో ఓడిపోయారు. గట్టు మీద కూర్చున్నవాళ్లు తలలు బాదుకున్నారు.

అన్నిటికంటే కోచ్ మొగిలి సార్ చేసే పనులు వాళ్లకు వింతగా ఉండేవి. ప్రభుదాసు అని ముందు వరుసలో ఆడే కుర్రాడు ఉండేవాడు. వాడి కాలికి బంతి అందితే గోల్ పడ్డట్టే. అలాంటివాణ్ణి మొగిలి సార్ ఒక ఆట మొత్తం ఆడించేవాడు, తర్వాతి ఆటలో బయట కూర్చోబెట్టేవాడు. ఒకసారైతే గెలుస్తున్న ఆటలో మధ్యలో వెనక్కి పిలిచాడు. ఆ ఆట చివరికి ఓడిపోయారు.

ఆ సాయంత్రం అభిమానులు కోచ్‌ను చుట్టుముట్టారు. ముందు నిలబడింది ఓదెలే.

"సార్, ప్రభుదాసును ఎందుకు తీసేసిండ్రు? వాడుంటే గెలుస్తుంటిమి గద!"

"పిల్లగాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చిండు. నిద్ర లేదు. కాళ్లు బరువెక్కినంక ఆడిస్తే దెబ్బ తగులుతది" అన్నాడు మొగిలి సార్.

"ఆటగాళ్లకు పగటి డ్యూటీయే వేస్తరు గద?"

"నిరుటి దాక వేసిండ్రు. కొత్త ఆఫీసరు వచ్చి బంద్ పెట్టిండు. ఇప్పుడు అందరి లెక్కనే వాళ్లకు గుడ రాత్రి షిఫ్టు పడుతది."

మొగిలి సార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బంతుల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"విన్నరా?" అన్నాడు ఓదెలు. "జవాబు ఎంత తయారుగ ఉందో! అడగంగనే చెప్పిండంటే ముందే అనుకొని పెట్టుకున్నడు."

"మరి ఆలోచించి చెప్తే?" అని అడిగాడు పక్కనే ఉన్న కొమురయ్య. ఆయన గనిలో పనిచేసి రిటైరైన ముసలాయన.

"ఆలోచించి చెప్తే అబద్ధం అల్లుతున్నడని అర్థం."

వర్క్‌షాపు నుంచి గని గేటు ఎంతో దూరం లేదు. ఒక్కరోజు తెల్లవారి అక్కడికి వెళ్లి నిలబడితే ఎవరు రాత్రంతా పనిచేసి పైకి వస్తున్నారో ఓదెలుకు కళ్లారా కనిపించేది. కానీ అతను వెళ్లలేదు. తన అనుమానం మీద అతనికి అంత నమ్మకం.

ఎలాగో జట్టు పడుతూ లేస్తూ జిల్లా పోటీల సెమీఫైనల్‌కు చేరింది. శనివారం మధ్యాహ్నం కాగితం మిల్లు జట్టుతో ఆట. ఆ వారం మొదట్లో ఓదెలు బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగుదామని వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాడు. మూల బల్ల దగ్గర మొగిలి సార్, మిల్లు జట్టు మేనేజరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మేనేజరు తల ఊపాడు. మొగిలి సార్ చేతులు జోడించాడు. ఓదెలును చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

ఇంకేం కావాలి! ఓదెలు టీ తాగకుండానే వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం మంగలి షాపులో చెప్పాడు. చేతులు జోడించాడని ఓదెలు చెబితే, చేతిలో చెయ్యి వేశాడని మంగలి చెప్పాడు. సెమీఫైనల్ అమ్ముడుపోయిందని మర్నాటికి కాలనీ అంతా చెప్పుకున్నారు.

ప్రాక్టీసు వేళకు మైదానం నిండా జనం.

"మిల్లోళ్లతోని ఏం మాట్లాడినవ్ సార్?" అని ఓదెలు నిలదీశాడు.

"ఆట గురించే మాట్లాడిన. వాళ్ల వాళ్లు ఒప్పుకునే దాక బయట చెప్పనని మాటిచ్చిన. ఒక్క రెండు రోజులు ఆగుండ్రి, మీకే తెలుస్తది."

"మాటిచ్చిండట!" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. ప్రభుదాసు ఏదో చెప్పబోతూ ముందుకొచ్చాడు. "వీడు గుడ వాళ్లల్ల కలిసినోడే!" అని వెనక నుంచి ఇంకో అరుపు వినిపించింది. వాడు నోరు మూసుకుని వెనక్కి జరిగాడు.

మొగిలి సార్ మెడలోని విజిల్ తీసి బంతుల సంచీ మీద పెట్టాడు.

"నా మీద మీకు నమ్మకం పోయినంక ఈ పిల్లలు నా మాట విని ఉరకలేరు. ఇక మీరే చూసుకోండ్రి" అని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

"పాత ఆటగాడివి, నువ్వే చూసుకో ఓదెలన్నా" అన్నారు జనం. ఓదెలు ఛాతీ ఉప్పొంగింది. విజిల్ మెడలో వేసుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. మిల్లు జట్టు మేనేజరు స్కూటరు మీద మైదానానికి వచ్చాడు. మొగిలి సార్ కోసం చూసి, లేడని తెలిసి, ఓదెలు దగ్గరికి వచ్చాడు.

"మొగిలి గారు అడిగిన దానికి మావాళ్లు ఒప్పుకున్నారండీ. ఆట శనివారం కాకుండా ఆదివారం సాయంత్రం పెట్టుకుందాం. శనివారం పొద్దున మీ కుర్రాళ్లు చాలామంది రాత్రి షిఫ్టు దిగి వస్తారట కదా, ఆ రాత్రికి వాళ్లకు సెలవట. నిద్రలేని వాళ్ల మీద గెలిస్తే మాకేం గొప్ప?"

ఒక్క క్షణం ఓదెలు ఆలోచనలో పడ్డాడు. ఇదే నిజమైతే, మొగిలి సార్‌ను అంతమందిలో అవమానించి పంపడం ఘోరమైన తప్పవుతుంది. ఆ తప్పు తనదే అవుతుంది. ఆ ఆలోచన అతనికి మింగుడుపడలేదు. దానికంటే అనుమానమే హాయిగా తోచింది.

"ఎదుటి జట్టోళ్లకు మా మీద ఇంత ప్రేమ ఎందుకు?" అనుకున్నాడు. పైకి, "శనివారమే ఆడుతం. మాకెవరి దయ అక్కర్లేదు" అన్నాడు.

మేనేజరు ఆశ్చర్యపోయి, "మీ ఇష్టమండీ" అని వెళ్లిపోయాడు.

"మంచి మాటే చెప్పిండు గద, ఎందుకు వద్దన్నవ్?" అని అక్కడే ఉన్న కొమురయ్య మందలించాడు.

"ఆదివారం వాళ్లకేదో కలిసొస్తది మామా. లేకుంటే ఎందుకడుగుతరు?"

శనివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ప్రభుదాసు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఓదెలు వాణ్ణి పక్కకు పిలిచాడు.

"తాగినవా?"

"లేదు కాకా."

"నోరు ఊదు."

అందరూ చూస్తుండగా ప్రభుదాసు ఓదెలు ముఖం మీదికి ఊదాడు. వాసనేమీ లేదు.

"మరి కండ్లెందుకు ఎర్రగున్నయ్?"

"దుమ్ము పడ్డది కాకా" అని వాడు తల దించుకున్నాడు.

ఆట మొదలైంది. కాసేపు కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. ప్రభుదాసు చక్కటి గోల్ వేశాడు. గట్టు దద్దరిల్లిపోయింది. విరామం తర్వాత మాత్రం అందరి కాళ్లూ ఇసుకలో నడుస్తున్నట్టు అయిపోయాయి. పక్కనుంచి పోతున్న బంతిని కూడా అందుకోలేకపోయారు. మిల్లు జట్టు గోల్ వేసి సమం చేసింది. కాసేపటికే ఇంకొకటి వేసింది.

ఓదెలు ఆగలేకపోయాడు. గీత దగ్గరికి ఉరికి, "ప్రభుదాసూ! ఎంతకు అమ్ముడుపోయినవ్ రా?" అని అరిచాడు.

ఆ మాట మైదానమంతా వినిపించింది. ప్రభుదాసు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత గోల్ ముందుకు వచ్చిన బంతి కోసం, శక్తి లేని కాళ్లతోనే, ముందూ వెనకా చూడకుండా దూకాడు. బంతికి బదులు గోల్ స్తంభానికి కాలు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు గట్టు దాకా వినిపించింది.

జట్టు ఓడిపోయింది. ప్రభుదాసును మోసుకుపోయారు. జనం ఇప్పుడు ఓదెలు చుట్టూ మూగారు.

"మిల్లోళ్లు ఆదివారం ఆడుదామంటే వద్దన్నది నువ్వే గద? ఎవలు చెప్తే వద్దన్నవ్?"

"ఎవలు చెప్పలే! వాళ్లదేదో ఎత్తుగడ అనుకున్న" అన్నాడు ఓదెలు.

"స్కూటరాయనతోని నువ్వొక్కడివే నిలబడి ముచ్చట పెట్టినవట?"

"కొమురయ్య మామ గుడ ఉన్నడు, అడుగుండ్రి!"

"జవాబు మంచిగ తయారు చేసుకున్నవ్!" అని మంగలి నవ్వాడు. అందరూ నవ్వారు.

నిజం చెబుతూ కూడా దొంగలా నిలబడడం ఎలా ఉంటుందో ఓదెలుకు మొదటిసారి తెలిసింది. ఎంత వివరంగా చెప్పినా వాళ్లు ఇంకా ఎక్కువగా నవ్వారు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లాడు. ప్రభుదాసు మంచం పక్కన మొగిలి సార్ కూర్చుని కమలాపండు ఒలిచి తొనలు అందిస్తున్నాడు. వాడి కాలికి తొడదాకా కట్టు ఉంది.

"రాత్రంతా గనిలోనే ఉంటివట గదరా. నాకెందుకు చెప్పలే?" అని ఓదెలు అడిగాడు.

ప్రభుదాసు అతని వైపు చూశాడు. వాడి చూపులో కోపం లేదు.

"చెప్తే నమ్ముతుంటివా కాకా?"

ఓదెలు మంచం ఇనుప చట్రం పట్టుకున్నాడు. మొగిలి సార్ లేచి వరండాలోకి వచ్చాడు. ఓదెలు వెంట వచ్చి చేతులు జోడించాడు.

"తప్పయింది సార్."

"నన్ను అనుమానించినవని నాకు అంత బాధ లేదు ఓదెలూ" అన్నాడు మొగిలి సార్. "అలసిపోయిన అని చెప్పుకునేందుకు గుడ ఆ పిల్లలకు ఎవ్వరూ లేకుండ చేసినవ్. అదే బాధ. పో, రేపు పొద్దుగాల గని గేటు కాడ నిలబడు."

సోమవారం తెల్లవారగానే ఓదెలు వెళ్లి నిలబడ్డాడు. రాత్రి షిఫ్టు పైకి వచ్చింది. మసి పట్టిన ముఖాలతో, వెలుతురుకు కళ్లు చిట్లిస్తూ కుర్రాళ్లు బయటికి వచ్చారు. గోల్‌కీపరు గోడకు చేరగిలబడి, నిలబడే కునుకు తీస్తున్నాడు. ఇన్నాళ్లూ గట్టు మీద కూర్చుని తాను తిట్టింది వీళ్లనే. ఓదెలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రం అతను మైదానంలో అందరి ముందూ నిలబడి, తాను చూసిందేమిటో, అనుకున్నదేమిటో దాచకుండా చెప్పాడు. కొందరు తిట్టారు. తిట్లన్నీ విని, "నన్ను తర్వాత తిడుదురు గానీ, ముందు ఆఫీసరు కాడికి పోదాం పాండ్రి" అన్నాడు. అందరూ కలిసి వెళ్లారు. మొదట ఆఫీసరు వినలేదు. మళ్లీ వెళ్లారు. చివరికి ఆట ఉన్న వారం ఆటగాళ్లకు పగటి డ్యూటీ వెయ్యడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఓదెలు విజిల్ తీసుకెళ్లి మొగిలి సార్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని మెడలో వేసుకున్నాడు.

ప్రభుదాసు ఏడాది దాకా బంతి ముట్టలేదు. తర్వాత ఆడాడు గానీ మునుపటి వేగం మాత్రం తిరిగి రాలేదు. వాడు పరుగెత్తినప్పుడల్లా ఓదెలు మనసు చివుక్కుమనేది.

జట్టు మునుపటి కంటే నిలకడగా ఆడింది. అయినా అప్పుడప్పుడు ఓడిపోయేది. ఒకరోజు అలా ఓడినప్పుడు గట్టు మీద కూర్చున్న ఒకాయన ఓదెలు చెవిలో, "గోల్‌కీపరును మార్చిండు చూసినవా అన్నా? దీంట్ల ఏదో ఉంది" అన్నాడు.

"ఉండొచ్చు" అని ఓదెలు లేచి నిలబడ్డాడు. "పా, పోయి సార్‌నే అడుగుదాం. ఆయన చెప్పింది నోరు మూసుకొని విందాం."

తెలియనిదాన్ని ఊహించుకోకుండా అడిగి తెలుసుకోవాలి, చెప్పిన జవాబును ఓపికగా వినాలి. ప్రతి మాటనూ అనుమానించేవాడికి చివరికి నిజం చెప్పే మనిషే మిగలడు.