ఇజ్రాయేలు మేష్టారి మీటరు

"రెండూ ఒకే అంకె చూపిస్తుంటే, అంత ఖరీదుది ఎందుకండీ మేష్టారూ?" అని అడిగింది ప్రసూన.

అడిగింది మండపేటలో, తను పని నేర్చుకుంటున్న షెడ్డులో, మోటార్లు బాగుచేసే ఇజ్రాయేలు మేష్టారిని. అడిగే ముందు గోడనున్న ప్లగ్గులో రెండు మీటర్లూ ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూసింది. మీటరంటే అరచేతిలో పట్టే డబ్బా. దానికి ఎర్రతీగ ఒకటి, నల్లతీగ ఒకటి. మొనలు ఆనించిన చోట కరెంటు ఎంతుందో అద్దంలో అంకె వేసి చూపిస్తుంది. మేష్టారిది బరువైనది, రంగు వెలిసినది, పెద్ద కార్ఖానాల వాళ్ళు వాడేది. ప్రసూనది పసుపుపచ్చది, కొత్తది. కూతురు ఐటీఐ పాసైన వారంలోనే తల్లి ధనవతి కాకినాడ వెళ్ళి, రోడ్డు పక్కన దుప్పటి పరిచి అమ్మేవాడి దగ్గర అరగంట బేరమాడి తెచ్చింది. రెండింటిలోనూ రెండువందల ముప్పయ్యొకటే పడింది.

ప్రశ్న వేసిన వెంటనే జవాబిచ్చే అలవాటు మేష్టారికి లేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "నీదీ మంచిదే. టార్చిలైటు సెల్లులు చూసుకో, బల్బులు చూసుకో, ఇళ్ళల్లో కాలింగు బెల్లు చూసుకో. మిల్లు కరెంటు బోర్డు ముందు మటుకు నాదే పట్టుకో," అన్నారు. అని, విప్పి ఉన్న మోటారులోకి మళ్ళీ తల దూర్చేశారు.

ఆ మాట ఇంటికొచ్చింది. ధనవతికి ముల్లులా గుచ్చుకుంది. రైసుమిల్లులో తవుడు బస్తాలు కుట్టే పని ఆవిడది. మర్నాడు పనికి పోతూ షెడ్డు ముందు ఆగింది.

"ఏంటి మేష్టారండీ, మేం కొన్నది మీ కంటికి ఆనలేదా?"

"అంకె సరిగ్గానే చూపిస్తోంది చెల్లెమ్మా."

"మరింకేం చెయ్యాలండీ అది? పాటలు పాడాలా?"

మేష్టారు నవ్వి మోటారు వైపు తిరిగారు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు ఈయనకి, అని గొణుక్కుంటూ మిల్లుకెళ్ళిపోయింది ధనవతి. పేదవాళ్ళు కొన్న వస్తువంటే అందరికీ లోకువే అనుకుంది. ఆ రోజంతా బస్తా కుడుతుంటే దబ్బనం కూడా వంకరగానే దిగింది.

పది రోజులకి మిల్లులో ఎలివేటరు ఆగింది. ఉడికిన ధాన్యాన్ని పైకెత్తి ఆరబెట్టే గదిలో పోసే బెల్టు అది. అది ఆగితే ధాన్యం తొట్టిలోనే మగ్గి రంగు తిరుగుతుంది. గుమస్తా పల్లంరాజు మేష్టారికి కబురు పెట్టాడు. ఆయనా, సంచీతో ప్రసూనా వచ్చారు. బస్తాల దగ్గర ధనవతి దబ్బనం ఆపి చూసింది. తన కూతురు నీలం చొక్కా వేసుకుని, తలగుడ్డ బిగించి, నిలువెత్తు ఇనుప బోర్డు తలుపు తెరిచింది. ఆ పొడుగు బోర్డు ముందు పిల్ల మరీ సన్నంగా కనబడింది.

తల్లి చూస్తోందని ప్రసూనకి తెలుసు. సంచీలోంచి పసుపుపచ్చ మీటరు తీసింది. మేష్టారు దాన్ని మెల్లగా ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని, నాలుగడుగులు నడిచొచ్చి ధనవతి ఒడిలో పెట్టి, "కాసేపు మీ దగ్గరుండనివ్వండి చెల్లెమ్మా," అన్నారు. తన మీటరు ప్రసూనకిచ్చి, పైనున్న మోటారు చూడ్డానికి నిచ్చెనెక్కారు. పదిమంది ఆడవాళ్ళ ముందు తల కొట్టేసినట్టయింది ధనవతికి. మీటరు మీద కొంగు కప్పింది.

మీటరుకి కింద కన్నాలుంటాయి. వోల్టులు చూసేటప్పుడు ఎర్రతీగ ఒక కన్నంలో ఉండాలి. తీగలో పారే కరెంటు ఎంతో లెక్క చూడాలంటే దాన్ని ఇంకో కన్నంలోకి మార్చాలి. మార్చిన తీగని తిరిగి మార్చకుండా, కరెంటు వచ్చే రెండు ఫేజు తీగల మీద పెడితే, ఇక అది మీటరు కాదు. రెంటి మధ్యా అడ్డంగా పడ్డ వట్టి తీగ, పట్టుకున్న చేతిలోనే పేలుతుంది. ఇది ప్రసూన పరీక్షలో రాసి పాసైన సంగతే. స్టార్టరు ఎంత కరెంటు లాగుతోందో చూడ్డానికి ఎర్రతీగ మార్చింది. చూసింది. అది బాగానే ఉంది. ఈలోపు పల్లంరాజు వెనక నిలబడి అరవడం మొదలెట్టాడు.

"ఏవమ్మాయ్, బోర్డుకి పూజ చేస్తున్నావా? తొట్టిలో ధాన్యం పాయసమైపోతోందక్కడ!"

"అయిపోయిందండీ. మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూసేస్తే..."

మీటరు మీదున్న చక్రం వోల్టుల వైపు తిప్పింది. తీగ మార్చలేదు. తీగ తప్పు కన్నంలో ఉందని ఆ మీటరు కీచుమని అరిచింది. మిల్లు మోతలో ఎవరికీ వినబడలేదు. రెండు మొనలూ ఆనించింది.

ధనవతికి కనబడింది ఇంతే. మొనల దగ్గర నువ్వుగింజంత మెరుపు. కూతురు ఒకడుగు వెనక్కి వేసింది. చేతిలోని మీటరు వంక చూసింది. ఎర్రతీగ ఉన్న చోటు చూసింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేష్టారండీ," అంది, అంతే.

ఆయన నిచ్చెన దిగి వచ్చి, ఒక్క చూపు చూసి, ముందు మెయిను దించేశారు. మిల్లంతా ఒక్కసారిగా మూగబోయింది. నేల మీద కూర్చుని తన మీటరు వీపు విప్పారు. లోపల చిటికెనవేలంత తెల్లటి ఫ్యూజు గొట్టం ఉంది. దాన్ని తీసి అరచేతిలో వేసుకుని చూపించారు. మసి లేదు, పగులు లేదు. "ఇందులో ఇసక ఉంటుంది. మంట లోపలే పుట్టింది, ఇసక మింగేసింది," అన్నారు. తరవాత ధనవతి వైపు చెయ్యి చాచారు. ఆవిడ కొంగు తీసి పసుపుపచ్చది ఇచ్చింది. దాన్నీ విప్పారు. ఆ కన్నం వెనక గొట్టం లేదు, ఇసక లేదు. వంచిన తీగముక్క ఒకటుంది.

ధనవతికి చదువు రాదు. అయినా ఒకదాంట్లో ఏముందో, రెండోదాంట్లో ఏం లేదో తెలియడానికి చదువక్కర్లేదు.

"దీన్నే పట్టుకునుంటేనండీ?" అంది.

మేష్టారు ఆవిడ మొహంలోకి చూడలేదు. బోర్డుకీ, ఇందాక ప్రసూన కళ్ళు ఉన్న చోటుకీ మధ్య ఉన్న జానెడు దూరాన్ని చూశారు. ధనవతి లేచి వెళ్ళి కూతురి రెండు చేతులూ పట్టుకుని తిరగేసి చూసింది. గ్రీజు తప్ప ఏమీ లేదు. చెంపలు తడిమింది. కనుబొమలు తడిమింది. "ఏం కాలేదే అమ్మా, ఏం కాలేదు," అంటోంది ప్రసూన. ధనవతి తవుడు బస్తా మీద కూలబడింది. పల్లంరాజు తనే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "నిదానంగానే కానివ్వమ్మా," అన్నాడు ప్రసూనతో. ఆ గొంతు అతనిదేనా అని ఆడవాళ్ళు తిరిగి చూశారు.

నీళ్ళు తాగి, ధనవతి మేష్టారి మీటరు రెండు చేతుల్తో అందుకుంది. కళ్ళకద్దుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"చెల్లెమ్మా, బొట్టు మటుకు పెట్టకండి. అంకె కనబడదు," అన్నారు మేష్టారు.

ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. "మీ కడుపు చల్లగా ఉండాలి బాబూ. ఆవాళ నోటికొచ్చినట్టు మాట్లాడేను," అంది.

"అప్పుడు మీరన్నదాంట్లోనూ తప్పు లేదు."

మధ్యాహ్నానికి జబ్బు దొరికింది. పైన మోటారు మూతలో ఒక తీగ వదులై ఉంది. అది బిగించాక ఎలివేటరు కదిలి, ధాన్యం పైకెక్కింది. ముగ్గురూ బస్తాల పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. ప్రసూన పసుపుపచ్చ మీటరు వైపు చూడకుండా, "దీన్ని పారేస్తానండీ," అంది.

"ఎందుకూ? అదేం అబద్ధమాడలేదుగా. అమ్మ తెచ్చింది. ఇంట్లో సెల్లులు చూసుకో."

ప్రసూన గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుంది.

"తప్పు నాదే మేష్టారండీ. ఇంకెప్పుడూ ఇలా చెయ్యను."

"చేస్తావమ్మా," అన్నారాయన, తన మీటరులో కొత్త గొట్టం బిగిస్తూ. "నేనూ చేస్తాను. నలభై ఏళ్ళనుంచీ చేస్తూనే ఉన్నాను."

ప్రసూన తలెత్తి చూసింది. ధనవతి కూడా చూసింది. మేష్టారు మీటరు మూత పెట్టి, మర బిగించారు.

"సరిగ్గా చేసిన రోజున, ఏ మీటరైనా ఒకటే."