పక్కనున్న మంచి కణాలు

సుభాషిణి గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయిస్తారు. పని అయ్యేసరికి జవాబు దానంతటదే దొరుకుతుందని ఆవిడ నమ్మకం. ఈలోగా కాళ్ళు పీకుతాయని శిష్యుల ఏడుపు. గోదావరి జిల్లాల్లోని ఓ క్యాన్సర్ ఆసుపత్రిలో, గడ్డల ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బు తేల్చే విభాగానికి ఆవిడ పెద్ద. అక్కడ రెండో ఏడు చదువుతున్న డాక్టర్ కౌండిన్య ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, మనం కూర్చున్నదే జబ్బు తేల్చడానికి కదండీ. జబ్బులేని కణాల్ని చూసి ఏం లాభం?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. దాని వెనక వీరవేణి ఉంది. ఆవిడది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరిపీచు తాళ్ళు పేనే పని, యాభై రెండేళ్ళు. రొమ్ములో గడ్డ తీశారు. అలా తీసినదానికి మూడు రంగు పరీక్షలు చేస్తారు. మొదటి రెండూ గడ్డ ఒంట్లోని హార్మోన్ల మీద బతుకుతోందా అని అడుగుతాయి. అవునంటే కణాలు కాఫీరంగుకి తిరుగుతాయి. అప్పుడు రోజుకో మాత్ర చొప్పున అయిదేళ్ళు వేసుకుంటే జబ్బు తిరగబెట్టే భయం బాగా తగ్గుతుంది. మూడోది హెర్-2 అనే ప్రొటీను కోసం, దానికి వేరే ఇంజెక్షన్లున్నాయి. వీరవేణి గడ్డ మూడింటికీ పలకలేదు. ఇక మాత్రల మాటే లేదు, కీమో ఒక్కటే దారి.

ఆవిడ తోటికోడలికీ ఇదే జబ్బు. నాలుగేళ్ళుగా మాత్ర వేసుకుంటూ గంపలకి గంపలు పీచు మోస్తోందట. అందుకే పొద్దున్న వీరవేణి మెట్ల దగ్గర కౌండిన్యని పట్టేసుకుంది.

"దానికి పనిచేసిన మాత్ర నాకెందుకు పనిచెయ్యదు బాబూ? నా ఒంట్లో ఏం తక్కువైందో కాస్త చూసి చెప్పండి."

"రిపోర్టు అలా వచ్చిందమ్మా" అన్నాడతను.

"సర్లెండి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ "సర్లెండి" అతన్ని మధ్యాహ్నం దాకా వదల్లేదు. సంతకం కోసం స్లైడు తెచ్చి మేడం ముందు పెడితే, ఆవిడేమో గడ్డ సంగతి వదిలేసి, "పక్కన మంచి పాలనాళాలు ఉన్నాయిగా, అవేమంటున్నాయి?" అన్నారు. అప్పుడొచ్చింది పై ప్రశ్న.

సుభాషిణి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "థియేటరుకి వెళ్ళి, ఈ గడ్డ ఎప్పుడు తీశారో, ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారో కనుక్కుని రా నాయనా."

"మనకి సోమవారం వచ్చినట్టు రాసుందండీ."

"మనకి ఎప్పుడొచ్చిందని నేనడిగానా?"

నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు. ఆపసోపాలు పడుతూ ఎక్కిన కౌండిన్యకి థియేటరు సిస్టరు దీనమ్మ కుర్చీ వేసి మరీ చెప్పింది.

"శనివారం రెండింటికి తీశారు డాక్టర్ గారూ. మీ ల్యాబు వాళ్ళు అప్పటికే తలుపులేసేశారు. ఇక్కడేమో ఫార్మలిన్ డబ్బా ఖాళీ. పాడైపోతుందేమోనని సెలైన్లో వేసి ఫ్రిజ్‌లో దాచాను. సోమవారం పొద్దున్నే ఫార్మలిన్ పోసి పంపాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, తెలుసా!"

ఆ ముఖంలో వెలుగు చూసి, ముక్క పాడైందని చెప్పలేక, థాంక్సు చెప్పి బయటపడ్డాడు. ఒంట్లోంచి తీసిన ముక్కని గంటలోపు, కుళ్ళకుండా నిలిపే ఫార్మలిన్ మందునీళ్ళలో వెయ్యాలి. ఆలస్యమైనకొద్దీ రంగు పట్టే గుణం చచ్చిపోతూ ఉంటుంది. ఫ్రిజ్ దాన్ని కాపాడలేదు. ఇదంతా పరీక్షలో పేజీల కొద్దీ రాసి మార్కులు తెచ్చుకున్నవాడే!

కిందికి వచ్చి మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఈసారి గడ్డ జోలికి పోలేదు. మంచి పాలనాళాల్లో అక్కడక్కడైనా కాఫీరంగు కణాలు ఉండి తీరాలి, ఏ ఆడమనిషికైనా అంతే. ఇక్కడ ఒక్కటీ లేదు. అంటే ముక్కకి రంగు పట్టే గుణమే పోయింది, గడ్డ పలకలేదన్న మాటా నమ్మడానికి లేదు.

"మేడం, ఇవీ పలకలేదండీ."

"ఊఁ. ఆపరేషన్‌కి ముందు సూదితో తీసిన ముక్క ఉండాలే?"

ఉంది. ఓపీలో తీసి అప్పటికప్పుడు ఫార్మలిన్‌లో వేసినదే. పెద్ద ముక్క ఎలాగూ వస్తుంది కదా అని దానికి రంగు పరీక్షలు చెయ్యలేదు. కౌండిన్య దగ్గరుండి చేయించాడు. మర్నాడు సాయంత్రం స్లైడు పెట్టగానే చెయ్యి అలవాటుగా గడ్డ వైపే పోయింది. సుభాషిణి గారు స్లైడుని వెనక్కి జరిపి, "ముందు పక్కవాళ్ళని పలకరించు" అన్నారు.

పాలనాళాల్లో అక్కడక్కడ కాఫీ చుక్కలు. ఆ తర్వాత గడ్డ. ఎటు చూసినా కాఫీరంగే. "అమ్మయ్య!" అని గట్టిగానే అరిచాడు, పక్కగదిలో వాళ్ళు తొంగి చూశారు.

వార్డుకి తనే పరుగెత్తాడు. వీరవేణి అతని మాట పూర్తిగా విని, "నిన్న లేదన్నారు, ఇయ్యాల ఉందంటున్నారు. ఏది నమ్మమంటారు బాబూ?" అంది. అడగాల్సిన మాటే. ముక్క మా దగ్గరే పాడైందనీ, తప్పు మాదేననీ, పాడైనదాన్ని చూసి తను తొందరపడి చెప్పాననీ దాచకుండా ఒప్పుకున్నాడు.

"మాత్ర పొద్దున్న వేసుకోవాలా, సాయంత్రమా?" అని అడిగి, జవాబు వినకుండానే బావురుమంది.

కౌండిన్య తేలికపడ్డ మనసుతో ల్యాబుకి తిరిగొచ్చాడు. గుమ్మంలో ఏదో తట్టి ఆగిపోయాడు.

"మేడం, ఎనిమిది నెలలుగా ఎంతమందికో లేదు, లేదు అని రాసిచ్చానండీ. ఒక్కసారి కూడా పక్కవాటిని చూడలేదు."

సుభాషిణి గారు సొరుగు లాగి, పాత స్లైడ్ల బీరువా తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"ఆ రిపోర్టుల కింద సంతకాలు నావి. మొహమాటపడకుండా చూడు."