తెగిన పడుగు, తిరిగిన నాడె

అనగనగా ఒక ఊళ్ళో, ఊఁ కొట్టేవాళ్ళకి మాత్రమే కనిపించే ఒక నేతవీధి ఉండేదిట. కొడుతున్నావా? సరే, అయితే విను.

ఆ వీధిలో ఇంటింటా మగ్గమే. చీర నేయాలంటే ముందు నిలువు దారాలన్నీ బారుగా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఆ దారాల వరసనే పడుగు అంటారు. అది ఇంట్లో పట్టదు, వీధిలోనే పరవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఎవరి పడుగైనా సరే, పొద్దున్నే వీధంతా వచ్చి తలో చెయ్యి వేసేవారు.

ఆ వీధి చివరింట్లో గవరమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమెకున్నవల్లా ఒక మగ్గం, ఒక నోరు. మగ్గం పని మెత్తన. నోరు మాత్రం కాస్త గరుకు.

ఒకరోజు గవరమ్మ పడుగు వీధిలో ఆరుతోంది. అదే రోజు వీధి మొదట్లో బసవయ్య ఇంట్లో మనవరాలి బారసాల. పడుగు పరిచేసి అందరూ భోజనాలకి వెళ్ళారు. గవరమ్మ ఒక్కతే కాపలా ఉండిపోయింది. అప్పుడు మబ్బు పట్టింది. ఆ తర్వాత చినుకు పడింది.

"ఓ బసవయ్య బావా, రండర్రా, పడుగు తడుస్తోంది" అని గవరమ్మ కేకేసింది. ఎవరూ రాలేదు. ఇంకోసారి కేకేసింది. రాలేదు. మూడోసారి గొంతు పోయేలా కేకేసింది. ఉహుఁ. గంజి కరిగి, దారాలు ఉండలు కట్టి, పడుగంతా పాడైపోయింది.

గవరమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. అంత నోరున్న మనిషి, అనాల్సిన రోజున అనలేదు. కడుపులో దాచుకున్న కోపం కుంపటి లాంటిది నాన్నా, ముందు మనల్నే కాలుస్తుంది.

కొన్నాళ్ళకి బసవయ్య పడుగు వీధికెక్కింది. అది మామూలు పడుగు కాదు, జాతరలో చౌడమ్మ తల్లికి కట్టే చీరది. ఆ చీర ఏడాదికొకరు నేస్తారు. బసవయ్య వంతు రాక రాక వచ్చింది. అందరూ చద్దన్నాలకి లోపలికి వెళ్ళారు. అప్పుడు గవరమ్మ కొడవలి తెచ్చి పడుగుని నడిమికి కోసేసింది.

కోసేదాకా కోపం ఉంది. కోశాక చూసుకుంటే అది లేదు. కొడవలితో అక్కడే కూలబడిపోయింది. పారిపోవాలని కూడా తోచలేదు.

వీధంతా పోగైంది. ఒకాయన జరిమానా వెయ్యమన్నాడు. ఇంకొకాయన మగ్గం విరగ్గొట్టమన్నాడు. మూడో ఆయన, "అవేం వద్దు, ఇకమీదట ఈమె పడుగు ఎవరూ ముట్టుకోకండి, చాలు" అన్నాడు.

ఆ మూడో మాటకి గవరమ్మ చేతిలోని కొడవలి కింద పెట్టేసింది. పడుగు పట్టే చేతులు లేకపోతే మగ్గం ఉండి ఏం లాభం? ఇక ఊరు వదిలి పోవాల్సిందే.

అప్పుడు దారం కండెలు చుట్టే అంకమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నోట్లో పళ్ళు లేవు గానీ మాట గట్టిది. "ఈమెని వెలేస్తే తెగిన పోగుల్లో ఒక్కటైనా అతుక్కుంటుందంట్రా?" అంది.

అవ్వ అందర్నీ ఆ తెగిన పడుగు చుట్టూ కూర్చోబెట్టింది. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకుపోతుందే, ఆ నాడె తెప్పించింది. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి. ఏం తెగింది, ఎవరికి నొప్పి, ఎట్టా అతుకుదాం. ఈ మూడే చెప్పండి. నాడె ఒకవైపే పోతే బట్ట కాదు, రెండువైపులా తిరగాల" అంది.

నాడె ముందు బసవయ్యకి ఇచ్చింది. ఆయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మా అమ్మ ఈ చీర నా చేత్తో నేస్తే చూడాలనుకుంది. చూడకుండానే పోయింది" అన్నాడు. ఆ తర్వాత, "గవరమ్మా, నీకు నేనేం చేశానని?" అన్నాడు.

తిడతాడనుకుంది గవరమ్మ. తిట్టినా బాగుండేది. ఈ మాటే తట్టుకోలేకపోయింది.

నాడె ఆమె చేతికొచ్చింది. "నేనే కోశాను. తప్పే. ఆ వాన రోజు ఎన్నిసార్లు పిలిచాను బావా. ఒక్కరూ రాలేదు. ఈ వీధికి నేనసలు మనిషినే కాదేమో అనిపించింది" అంది.

బసవయ్య నాడె మళ్ళీ అడిగి పుచ్చుకున్నాడు. "నాకు వినపడింది" అన్నాడు. "ఎవరో ఒకరు వెళ్తార్లే అనుకుని వడ్డిస్తూ ఉండిపోయాను."

ఆ తర్వాత నాడె పక్కాయన దగ్గరికి పోయింది. "నాకూ వినపడింది" అన్నాడు. ఆ పక్కావిడ, "నాకూ" అంది. పడుగు ముట్టుకోవద్దన్నాయన నేలచూపులు చూస్తూ అదే మాట అన్నాడు. ఎవరో ఒకరు వెళ్తారని అందరూ అనుకున్నారు. అందుకే ఎవరూ వెళ్ళలేదు.

"సరే, మరి అతుకుదామా?" అంది అవ్వ.

గవరమ్మ దారం జారకుండా వేళ్ళకి బూడిద రాసుకుని మొదటి పోగు అందుకుంది. రెండు కొసలూ కలిపి మెలితిప్పింది. బసవయ్య ఎదురుగా కూర్చుని, కొసలు వెతికి అందించాడు. కాసేపటికి ఇంకొకరు వచ్చి కూర్చున్నారు, ఆ తర్వాత ఇంకొకరు. పడుగు మొత్తం అతికేదాకా గవరమ్మ తన మగ్గం ఎక్కలేదు. మగ్గం ఎక్కుదామని ఇంటికెళ్ళేసరికి గడపలో నూలు చిలపలు, అంటే దారం కట్టలు, ఉన్నాయి. వానకి పోయిన పడుగుకి బదులు వీధివాళ్ళు తలా కాస్త తెచ్చి పెట్టారు.

జాతరనాడు చౌడమ్మ తల్లి ఆ చీరే కట్టుకుంది. నడుం దగ్గర తడిమితే అతుకులు గరుగ్గా తగిలేవిట. బసవయ్య వాటిని దాచాలని చూడలేదు.

మరుసటేడు మళ్ళీ గవరమ్మ పడుగు వీధిలో ఆరుతోంది. మబ్బు పట్టింది. చినుకు పడింది. గవరమ్మ కేకెయ్యడానికి నోరు తెరిచింది. అప్పటికే బసవయ్య అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుకొచ్చి, ఎంగిలి కుడిచెయ్యి పైకెత్తుకుని, ఎడమచేత్తో పడుగు కొస పట్టుకున్నాడు. వెనకాల వీధంతా ఉంది.

గవరమ్మకి ఏడుపొచ్చింది. కానీ ఆ నోరు ఊరుకుంటుందా? "ఆ ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టు బావా, నా పడుగు మీద పప్పు కారుతుంది" అంది.

తెగిన పోగు అతికింది,
అలిగిన మనసు కుదిరింది,
కథేమో కంచి దారి పట్టింది,
మనకి ఇంట్లోనే కునుకు పట్టింది.