రాని అతిథి కోసం ధృతవర్మ చేసిన ఉపవాసం

పూర్వం రైవత మన్వంతరంలో, సుపర్ణా నదీతీరాన హేమకూలమనే పట్టణాన్ని రాజధానిగా చేసుకొని, సత్యసంధుడూ అన్నదాన దీక్షితుడూ అయిన ధృతవర్మ మహారాజు ప్రజలను కన్నబిడ్డల్లా పాలిస్తుండేవాడు. ఆ రోజుల్లో గృహస్థుడన్నవాడు దేవతలకు అన్నం అర్పించే వైశ్వదేవం ముగించి, వాకిట నిలబడి, ఒక ఆవు పాలు పితికేందుకు పట్టేంతసేపు అతిథి కోసం ఎదురుచూసి, ఆ తర్వాతే భోజనానికి కూర్చోవాలన్నది నియమం. ధృతవర్మ ఒక్కపూట కూడా ఆ నియమం తప్పలేదు. ఆయన ఇంట ఋషులు భుజించారు, గంధర్వులు భుజించారు, పాతాళం నుంచి నాగులు కూడా వచ్చి, పాయసం బాగుందని మళ్ళీ వడ్డించుకొని మరీ వెళ్ళారు.

ఇలా ఉండగా ఒకనాడు జటావల్కలధారి, వేదవేదాంగ పారంగతుడు అయిన ఔదల మహర్షి విచ్చేసి, భోజనానంతరం సభలో సృష్టిక్రమాన్ని వివరిస్తూ, "రాజా, మేడిచెట్టుకు కాయలు కాసినట్టు మూలప్రకృతిలో కోట్లకొలది బ్రహ్మాండాలున్నాయి. మనమున్నది అందులో ఒక్క కాయలో" అని సెలవిచ్చాడు.

"స్వామీ, మిగతా కాయల్లోవాళ్ళు ఎవరైనా మీ ఆశ్రమానికి వచ్చారా?" అని రాజు అడిగాడు.

"లేదు నాయనా."

"పోనీ, మా తాతముత్తాతల ఇంటికి?"

"వచ్చినట్టు ఎవరూ చెప్పగా వినలేదు."

అన్ని అండాలుండి ఒక్క ప్రాణీ తన గడప తొక్కలేదంటే లోపం తన ఆతిథ్యంలోనే ఉందని తలచిన ధృతవర్మ, మహర్షి వారించేలోపే దోసిట నీరు పట్టి, "అన్య బ్రహ్మాండం నుంచి ఒక బుద్ధిగల ప్రాణి వచ్చి నా ఇంట భుజించేదాకా నేను అన్నం ముట్టను" అని సంకల్పం చెప్పి, నీళ్ళు నేలమీద విడిచాడు.

మహర్షి నెత్తిన చేయి పెట్టుకొన్నాడు. "నీళ్ళు విడిచేముందు ఒక్కమాట అడగకూడదటయ్యా! నేను ఉన్న సంగతి చెప్పానే గాని, వాళ్ళను పిలుచుకురమ్మన్నానా?"

పట్టమహిషి సులోమాదేవి అప్పటికి ఏడోనెల గర్భవతి. భర్త భుజించక ముందు తాను భుజించనన్నది పెళ్ళినాటి నుంచి ఆమె పట్టిన వ్రతం. రాజు కంగారుపడి, "దేవీ, నువ్వు తినాలి. ఇది రాజాజ్ఞ" అన్నాడు.

"మీ సంకల్పం నన్నడిగి చెప్పారా ప్రభూ? నా వ్రతమూ మిమ్మల్నడిగి మానను" అని ఆమె ముఖం తిప్పుకొన్నది.

రోజులు గడిచాయి. రాజు పొద్దస్తమానం వాకిట నిలబడి ఆకాశం వైపే చూస్తుండగా, లోపల రాణి పెదవులు ఎండి, లేచి నిలబడలేని స్థితికి వచ్చింది. రాజవైద్యుడు నాడి చూసి, "ఇలాగే సాగితే బిడ్డ దక్కదు మహారాజా. తల్లి సంగతి కూడా నేను చెప్పలేను" అన్నాడు. ఆడిన మాట తప్పలేక, భార్య ముఖం చూడలేక ధృతవర్మ కుమిలిపోయాడు. అది చూసి ఔదల మహర్షి నదీతీరాన ఒంటికాలిపై నిలిచి ఘోరతపస్సు చేయగా, హంసవాహనుడు, చతుర్ముఖుడు అయిన బ్రహ్మదేవుడు రాజు వాకిట్లోనే దిగాడు.

రాజు అర్ఘ్యపాద్యాలతో పరుగెత్తి, "వచ్చావా మహానుభావా! భోజనానికి దయచేయి!" అన్నాడు.

"తొందరపడకు నాయనా. నేనూ ఈ అండంవాడినే. ఇంటిమనిషిని అతిథి అంటే నీ సంకల్పం ఒప్పుకోదు."

"అసలు వాళ్ళున్నారా స్వామీ?"

"నాకు తెలియదు" అన్నాడు బ్రహ్మ. అందరూ నివ్వెరపోయారు. "నాలుగు ముఖాలున్నా, ఈ అండానికి గోడలాంటి అండకటాహం దాటి ఏ ముఖమూ చూడలేదు. ఆ గోడకు చెవి ఆనించి నా పగలొకటి, అంటే మీకొక కల్పం, పూర్తిగా విన్నాను. చడీచప్పుడు లేదు. పక్క అండంలో ఇప్పటికి నాచూ చేపలే పుట్టాయేమో. ఇంకోదానిలో మహామహులు పుట్టి, శాస్త్రాలన్నీ చదివి, తమలో తాము కొట్టుకొని బూడిదై ఎన్ని యుగాలయిందో. ఒకరు లేచేసరికి ఒకరు పడుకొంటారు. దూరమా, చెప్పనక్కరలేదు. వెలుగు బయల్దేరి ఇక్కడికి చేరేనాటికి, అక్కడ దీపం పెట్టినవాడి వంశమే ఉండదు. పైగా..." అని కాస్త తటపటాయించి, "అంతసేపు విన్నానే గాని, ఆ గోడను ఒక్కసారైనా తట్టలేదు. అవతలివాడూ చెవి ఆనించే కూర్చున్నాడేమో!" అన్నాడు.

స్తంభానికి ఆనుకొని వింటున్న సులోమాదేవి ఓపిక లేకపోయినా నవ్వింది. "బాగుంది. అందరూ వాకిళ్ళలో నిలబడితే దారిన నడిచేవాడెవడు?"

"అమ్మ సరిగ్గా అడిగింది" అని విధాత రాజు వైపు తిరిగి, "ఎంతసేపు ఎదురుచూడమన్నది ధర్మం?" అన్నాడు.

"ఆవు పాలు పితికేంతసేపు."

"ఆ హద్దు ఎందుకు పెట్టారు? లోపల ఆకలితో ఉన్నవాళ్ళుంటారని. రానివాడి కోసం ఉన్నవాళ్ళను పస్తు పెట్టావు."

"వాళ్ళ అండంలో ఆవు పాలు పితకడానికే కల్పం పడుతుందేమో స్వామీ?"

"పట్టనీ. నువ్వు నిలబడ్డది నీ వాకిట్లో. పితకవలసింది నీ ఆవును."

ధృతవర్మ భార్య ముఖం చూసి తల వంచాడు. "తప్పు తెలిసింది. అయినా సంకల్పాన్ని అబద్ధం చేయలేను."

"ఒక వరం కోరుకో. ఆలోచించి కోరుకో."

రాజు ఇలా అన్నాడు: "భోజనానికి పిలుస్తూ నా భేరిని మోగిస్తాను. ఆ మోత అండకటాహం దాటి, ఎన్ని కల్పాలైనా సన్నగిల్లక సాగిపోయేలా అనుగ్రహించు. నా ఎదురుచూపును దానికి అప్పగిస్తున్నాను. దానికి ఆకలి లేదు, దాని వెనక పస్తుండేవాళ్ళూ లేరు."

"అది చేరేనాటికి నువ్వుండవు. నీ ఊరుండదు. నేనూ ఉండకపోవచ్చు."

"తెలుసు స్వామీ. ఇక్కడొక ఇల్లుండేదనీ, అన్నం వండి పిలిచారనీ వాళ్ళకు తెలిస్తే చాలు."

"తథాస్తు. నీ సంకల్పం ఇక ఆ మోతది" అని బ్రహ్మ అంతర్ధానమయ్యాడు.

ధృతవర్మ భేరిని తన చేత్తోనే ఒక్కసారి మోగించి, ఆ మోత ఆకాశంలో కలిసిపోయాక, కాళ్ళు కడుక్కొని వచ్చి విస్తరి ముందు కూర్చొని మొదటి ముద్ద తిన్నాడు. తర్వాత సులోమాదేవి తిన్నది. నెలలు నిండి ఆమె పండంటి కొడుకును కన్నది. వైశ్వదేవాలు యథావిధిగా సాగాయి, వానలు వేళకు కురిశాయి.

ఆ మోతకు బదులు ఇంతవరకూ రాలేదు. రాలేదు కనుక వాళ్ళు లేరనీ, అన్ని కాయలున్నాయి కనుక ఉండే తీరాలనీ ఔదల మహర్షి ఎన్నడూ చెప్పలేదు. శిష్యులు మరీ గుచ్చి గుచ్చి అడిగితే, "వాకిట్లోకి ఒకసారి చూసి వచ్చి భోజనానికి కూర్చోండి, చల్లారిపోతోంది" అనేవాడట.