మంచుగండి నీలవ్వ

కొండలకు మనుషులింకా పేర్లు పెట్టని కాలం. మబ్బులు నేల మీదికి దిగి, గొర్రెలతో కలిసి మేసి పోయే కాలం. ఆ కాలాన మంచు వీడని ఒక గండి ఉండేది. గండికి ఇవతల ఒక పల్లె. ఆ పల్లెలో ఉన్ని వడికి గొంగళ్లు నేసే ముసలామె నీలవ్వ.

నీలవ్వకు మంద లేదు. మగడు లేడు. ఆమె మాట వినేవాళ్లూ లేరు.

మగణ్ణి ఆ గండిలోనే పోగొట్టుకుంది. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ సంతకు పోతుంటే, మంచులోంచి ఒకడు కత్తితో వచ్చాడు. మగడు కత్తి వంకే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. రాయి తగిలి పడ్డాడు. మళ్లీ లేవలేదు. మూడడుగుల దూరంలో నిలబడ్డ నీలవ్వకు కాళ్లు కదల్లేదు, గొంతు పెగల్లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఉన్ని వడుకుతుంటే దారంతో పాటు ఆ పొద్దు కూడా వేళ్ల నుంచి సాగుతూనే ఉండేది.

ఏళ్లు గడిచాయి. ఒక ఏడు మగవాళ్లంతా మందలు తోలుకుని దూరపు బీళ్లకు పోయారు. అప్పుడు గండిలోకి మళ్లీ ఒక కత్తి మనిషి వచ్చాడు. ఆడవాళ్లు సంత మానేశారు. ఒక సంత పోయింది. రెండో సంత పోయింది. మూడో సంతా పోయింది. ఇళ్లల్లో ఉప్పు నిండుకుంది. పిల్లలు చప్పటి జొన్న గటక నోట పెట్టక ఏడ్చారు.

"మగోళ్లు వచ్చేదాక ఆగుదాం," అన్నారు ఆడవాళ్లు.

"వానలు పడ్డంక గదా వాళ్లొచ్చేది? నాతోని రాండ్రి," అంది నీలవ్వ.

మందతో పోకుండా దొడ్డిలో మిగిలిన పొగరుబోతు పొట్టేలు ఒకటి ఉంది. ఆడవాళ్లు చూస్తుండగా నీలవ్వ దాని ఎదుట నిలబడింది. అది తల వంచి దూసుకొచ్చింది. ఆమె వెనక్కి పోలేదు. పక్కకు ఒక్క అడుగు జరిగింది. పొట్టేలు గాలిని పొడిచి ముందుకు పోయింది.

"కత్తి పట్టినోడు గూడ గింతే. అడిగింది ఇయ్యున్రి. ఇచ్చినా మీదికొస్తే పక్కకు జరుగున్రి. చెయ్యి దొరికితే ఇడువకున్రి."

తెడ్డుకు తడి జాజుమన్ను పూసి, అదే కత్తి అని ఒక్కొక్కరి మీదికి పోయింది. ఎర్ర మరక పడితే పోటు పడ్డట్టే. మొదటి పొద్దున అందరూ ఎర్రబడ్డారు. రెండో పొద్దున సగం మంది. మూడో పొద్దున మరక పడేది ఒక్కతే మిగిలింది, కొత్తగా కాపురానికి వచ్చిన ఈదమ్మ.

"నాతోని కాదవ్వా," అని ఏడ్చింది ఈదమ్మ. "తెడ్డు లేవంగనే కాళ్లు కట్టేసినట్టయితయి."

నీలవ్వ తెడ్డు కింద పెట్టింది.

"నాకు గూడ గట్లనే అయింది బిడ్డా," అని మొదటిసారి నోరు విప్పింది. మగడి సంగతంతా చెప్పింది. ఈదమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాళ్లు బిగుసుకుంటే నోరు తెరువు," అంది నీలవ్వ. "అరుపు బయటికొస్తే కాళ్లు వాటంతట అవే కదుల్తయి. ఆ పొద్దు నాకది తెల్వదు."

సంతరోజు తెల్లారగానే అందరూ కదిలారు. గండిలో మంచు పాలనురుగులా ఉంది. ముందు నడిచేవాళ్ల వీపులు తేలిపోతున్నట్టు కనబడ్డాయి. ఆ తెలుపులోంచి వాడు వచ్చాడు.

నీలవ్వ గంప దూరంగా విసిరింది. "తీస్కపో!"

వాడు గంప వంక చూడలేదు. ఈదమ్మ మీదికి పోయాడు.

ఈదమ్మ అరిచింది. ఆ అరుపు ఒక కొండను తాకింది, రెండో కొండను తాకింది, మూడో కొండ నుంచి తిరిగొచ్చింది. ఆమె కాలు కదిలింది. ఒక్క అడుగు పక్కకు. కత్తి మంచును పొడిచింది.

నీలవ్వ చేతికి గొంగడి చుట్టుకుని వాడి మణికట్టు మీద పడింది. రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది. వాడు గుంజాడు. కత్తి ఒకసారి గొంగడిని కోసింది. రెండోసారి గొంగడిని కోసింది. మూడోసారి కండను కోసింది. నీలవ్వ విడవలేదు. ఆడవాళ్లంతా అరుస్తూ వచ్చి మీద పడ్డారు. కత్తి రాళ్ల మీద ఖణేలుమంది.

వాణ్ణి తాళ్లతో కట్టారు. నీలవ్వ రాయి మీద కూలబడింది.

"ఎవరికన్న తాకిందా?"

"లేదవ్వా. నీకు తప్ప ఒక్కరికి గూడ లేదు."

నీలవ్వ చిన్నపిల్లలా నవ్వింది.

వాణ్ణి అవతలి ఊరి పెద్దలకు అప్పగించి, ఉప్పు తెచ్చుకున్నారు. తెగిన నీలవ్వ చెయ్యి మళ్లీ కదురు తిప్పలేదు. ఉన్ని ఈదమ్మ వడికింది. గండి చుట్టూ ఉన్న మూడు పల్లెల నుంచి ఆడపిల్లలు పక్కకు జరగడం, అరవడం నేర్చుకోవడానికి నీలవ్వ దగ్గరికి వచ్చారు. ఒక వానకాలం నీలవ్వ నిద్రలోనే పోయింది. మూడు పల్లెలవాళ్లూ మోసుకెళ్లి గండిలోనే మన్ను చేశారు.

ఇప్పటికీ ఆడపిల్ల మొదటిసారి గండి దాటేటప్పుడు పెద్దవాళ్లు అక్కడ ఆపుతారు. "గొంతు విప్పు బిడ్డా, నీలవ్వ వింటది," అంటారు. పిల్ల అరవాలి. కొందరికి గొంతు రాదు. ఎవరూ నవ్వరు, ఎవరూ తొందరపెట్టరు. గంపలు దించి పక్కనే కూచుంటారు. సంతకు ఆలస్యమైనా సరే, మంచు పలచబడి ఎండెక్కినా సరే, ఆ పిల్ల అరిచేదాకా ఒక్కరూ లేవరు.