కీబోర్డులో పానకం

పున్నారావుకి కోపం లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ అతనే చెబుతున్నాడు. "బసవయ్యన్న మీద నాకు కోపమేమిటండీ!" అని.

కాకపోతే శ్రీరామనవమి నాటి నుంచి బసవయ్యతో మాట్లాడటం లేదు. అంతే.

ఇద్దరూ పల్నాటిలో చెంచమ్మగారి ఆశ్రమంలో శిష్యులు. ఆశ్రమమంటే పెద్ద హంగులేం లేవు. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన డాబా. చెంచమ్మగారు తత్వాలు పాడతారు. పున్నారావు వెనక గుంటూరులో డీటీపీ చేసినవాడు గనక ఆవిడ పాడుతుంటే వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. బసవయ్య అందరికీ వండిపెడతాడు. ఒకే కంచం ఒకే మంచం అన్నంత స్నేహం వాళ్లది.

నవమి నాడు తమ్ముడిలాంటి పున్నారావుకి గొంతెండుతుందని బసవయ్య పానకం తెచ్చాడు. గ్లాసుతో తేవచ్చు. ప్రేమ ఎక్కువై చెంబుతో తెచ్చాడు. కాలికి వైరు తగిలింది. పానకంలో పుడక పడటం లోకంలో ఉన్నదే. ఇక్కడ పానకమే వెళ్లి కీబోర్డులో పడింది.

అది మామూలు కీబోర్డయితే ఇంత కథ లేదు. మీటల మీద తెలుగు అక్షరాలున్న పాతకాలపుది. పున్నారావు వేళ్లు నేర్చుకున్నదే దాని మీద. వేరే దాని మీద పెడితే కొత్త కోడలిలా తడబడతాయి. పోనీ అలాంటిదే ఇంకోటి కొందామంటే ఇప్పుడు బజార్లో దొరకదు. అది పోతే అమ్మ తత్వాలు పుస్తకంగా రావడం కల్ల.

"చూసుకుని నడవొద్దూ?" అన్నాడు పున్నారావు. బసవయ్యతో అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.

వెంటనే వైరు ఊడబీకి, తువ్వాలుతో తుడిచి, ఎవరో చెప్పారని కీబోర్డుని బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. మర్నాడు ఎసట్లోకి బియ్యం తీయబోయిన బసవయ్య చేతికి అక్షరాలు తగిలాయి. పాపం, దాన్ని తీసి, పసిపిల్లని తుడిచినట్టు తుడిచి, మాట్లాడకుండా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. పున్నారావు మాట్లాడకుండానే తీసుకున్నాడు.

తర్వాత ఎండలో పెట్టాడు. బెల్లం వాసనకి చీమలు బారులు తీరి వచ్చి ఓనమాలు దిద్దుకోవడం మొదలుపెట్టాయి. వాటిని దులిపి, కంప్యూటరుకి తగిలించి చూశాడు. అన్నీ పలికాయి గానీ 'న' మీట కిందికి దిగి పైకి రానంది. తెర నిండా ఒకటే పాట: నననననననన.

"రాగం బాగానే తీస్తోంది కదరా," అన్నారు చెంచమ్మగారు. పున్నారావుకి నవ్వు రాలేదు. వైరు మళ్లీ పీకేసి, కీబోర్డు పట్టుకుని డాబా ఎక్కాడు.

ఆవిడా వెనకే ఎక్కారు. అక్కడ పాత పంచె మీద ఆవిడ పెట్టిన పిండి వడియాలున్నాయి.

"ఏరా, ఇంకా ఆరలేదా?"

"గలగలలాడేట్టు ఎండిపోయిందమ్మా. చుక్క తడి లేదు. అయినా ఆ మీట ఊడిరాదు."

"మరి బసవడి మీద కోపం?"

"అదా! అదీ ఎప్పుడో ఎండిపోయిందమ్మా."

"ఊఁ," అన్నారావిడ. "సరేగానీ, వడియాలు కూడా ఎండాయి. కాస్త తీసిపెట్టు."

పున్నారావు ఒకటి పట్టుకుని లాగాడు. సగం చేతికొచ్చింది, సగం పంచెనే పట్టుకుంది. ఇంకోటి గట్టిగా లాగాడు. ఈసారి పంచె చిరిగింది.

"మరీ ఎండిపోయాయమ్మా. రావడం లేదు."

ఆవిడ పంచెని తిరగేశారు. వెంట తెచ్చుకున్న తాగే నీళ్ల చెంబులోంచి గుప్పెడు తీసి వెనక వైపు చిలకరించారు. కాసేపాగి గుడ్డని అలా సాగదీస్తే వడియాలు ఒకటొకటే చెప్పినమాట విన్నట్టు ఊడివచ్చాయి. పున్నారావు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఆ కీబోర్డు వైరు పీకేసే ఉందా?" అడిగారావిడ.

"ఉందమ్మా."

అంతే. చెంబులో మిగిలిన నీళ్లన్నీ దాని మీద గుమ్మరించారు.

"అమ్మా!" అని పున్నారావు పెట్టిన కేకకి కింద వంటింట్లోంచి బసవయ్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది తమ్ముడూ? అమ్మగాని పడిందా?"

ఎవరూ పడలేదు. మీటల సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి. వాటి వెంట బెల్లం జిగురు, చీమలు, రెండు బియ్యపు గింజలు.

"ఎండింది నాయనా. పోలేదు," అన్నారు చెంచమ్మగారు. అని మళ్లీ వడియాల పనిలో పడ్డారు.

పున్నారావు ఆ నీళ్ల వంక చూశాడు. తర్వాత బసవయ్య వంక చూశాడు. గరిటె పట్టుకుని, బుగ్గకి పిండి అంటుకుని, తప్పు తనదేనేమోనని ఇప్పుడు కూడా బెదురుతూ నుంచున్నాడు మహానుభావుడు.

"అన్నా," అన్నాడు పున్నారావు. "ఇంకో చెంబు నీళ్లు తెచ్చిపెడతావా?"

బసవయ్య బిందెతో తెచ్చాడు.

ఇద్దరూ బాసింపట్టు వేసుకుని మీటలన్నీ ఊడదీసి కడిగారు. బెల్లం వదిలిన 'న' టిక్కుమని పైకి లేస్తే చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. 'క్ష' ఎక్కడికో దొర్లిపోతే ఇద్దరూ డాబా అంతా పాకి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. అది చివరికి వడియాల మధ్య దొరికింది. కీబోర్డుని నీడలో బోర్లించి, ఈసారి తొందరపడకుండా, లోపలి తడి పూర్తిగా ఆరేదాకా ఊరుకున్నారు.

తగిలించిన రోజున ఆశ్రమం అంతా చుట్టూ చేరింది. పున్నారావు ఒక్క మాట కొట్టాడు: అన్న. 'న' ఎన్నిసార్లు కావాలో అన్నిసార్లే పడింది.

బసవయ్య కూడబలుక్కుని చదివాడు. మొహం చేటంత అయింది. "ఉండు తమ్ముడూ, పానకం కలుపుకొస్తా!" అని వంటింట్లోకి ఉరికాడు.

"వద్దన్నా!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

చెంచమ్మగారు మాత్రం పకపకా నవ్వారు.

"తే నాయనా, తే. నీళ్లున్నాయిగా!"